గాదెలోని పెంకుపురుగు

పంట ఇల్లు చేరిన నాడు గృహస్థుని మనస్సు కుదుటపడును. గాదె నిండినది, కుండలు నిండినవి, ఇక ఏడాది వరకు గింజలకు చింత లేదని యనుకొనును. కాని గాదె మూతపడిన మరునాటి నుండియే లోపల వేరొక సంసారము సాగుచుండును. శ్రావణ భాద్రపదములు వచ్చునప్పటికి కందులకు చిల్లులు పడును. బియ్యము చేటలో పోసి చెరుగగా ముక్కుపురుగులు అంచు పట్టి ప్రాకును. పిండి డబ్బా మూత తీయగనే ముక్కు మూసికొనవలసిన వాసన వచ్చును. ప్రతి ఇంట జరుగునదే గనుక దీనికొక చరిత్ర ఉన్నదని మనకు తోచదు.

మా కార్యక్రమములకు వచ్చు ఉత్తరములలో "గింజలకు పురుగు పట్టినది, ఏ మందు వేయవలెను?" అను ప్రశ్న ఏటేట వచ్చుచునే యుండును. ఏ పురుగు పట్టినదో మాత్రము సాధారణముగా ఎవరును వ్రాయరు. పురుగన్న పురుగే గదా యని వారి భావము. ఆ భావము ఎంత పొరపాటో, దానివలన పెద్ద రాష్ట్రములు సైతము ఎట్లు నష్టపడినవో చరిత్రలో నిదర్శనములు కలవు. వానిలో కొన్నింటిని శ్రోతల ముందుంచ దలచినాము.

1922లో హవర్డ్ కార్టర్ ఈజిప్టు దేశమున టూటంఖామన్ సమాధిని కనుగొనిన సంగతి లోకవిదితము. బంగారు ముసుగును, రథములను, సింహాసనమును గూర్చి లోకమంతయు చెప్పుకొనెను. ఆ సమాధిలోని రాతి పాత్రలలో చచ్చి ఎండిన పెంకుపురుగులు కూడ నుండెనన్న సంగతి అంతగా ప్రచారము పొందలేదు. రాజుగారి పరలోకప్రయాణమునకై దాచిన పదార్థములను మూడువేల మూడువందల ఏండ్ల క్రిందటనే అవి రుచి చూచినవి. వానిని పరీక్షించిన కీటకశాస్త్రజ్ఞులు తేలికగనే గుర్తుపట్టిరి. అవి నేటికిని మన ఇండ్లలో నున్నవే. వానిలో ఒకటి రొట్టెలను, మందుల అంగళ్లలోని వేళ్లను, మూలికలను తొలుచునది. ఇంకొకటి పొగాకు పురుగు.

ఇక్కడ ఒక వింత కలదు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. కొలంబసు యాత్రల తరువాతగాని అది మన ఖండములకు రాలేదు. మరి ఫారో సమాధిలో పొగాకు పురుగునకు పని యేమి? దానికి పొగాకుతో జన్మసంబంధ మేమియు లేదు. అది ఎండిన సుగంధద్రవ్యములను, గింజలను, మూలికలను వేల యేండ్లుగా తిని బ్రదికినది. పొగాకు వచ్చిన తరువాత దానిని కూడ తన ఆహారములో చేర్చుకొన్నది. మనము ఆ పేరు పెట్టి, అది గిడ్డంగులలో మాత్రమే యుండునని యనుకొంటిమి. గుంటూరు ప్రాంతపు పొగాకు బేళ్లను పాడుచేయు పురుగును, దుగ్గిరాల పసుపు కొమ్ములను తొలిచి పొడి చేయు పురుగును, వంటింటిలో ధనియాల డబ్బాలో, శొంఠి పొట్లములో, ఎండుమిరపకాయలలో కనిపించు ఎర్రని గూని పురుగును ఒక్కటియే. మందుల పురుగును దీనిని ప్రక్క ప్రక్కన పెట్టినచో కవలలని భ్రమపడుదుము. రెక్కపెంకులపై నిలువు గాడులుండినచో అది మందుల పురుగు. నున్నగా నుండినచో పొగాకు పురుగు. ఒక చిన్న భూతద్దముండిన చాలును, ఇంటిలో పిల్లలే చెప్పగలరు.

ఈజిప్టులోనే సక్కారా పిరమిడు క్రింది సమాధిలో, క్రీస్తుకు పూర్వము రెండువేల యేండ్లకు పైబడిన కాలపు బార్లీ గింజలలో, గోధుమ ముక్కుపురుగు కనబడినది. ఈ పురుగునకు ఒక విశేషము కలదు. దీని రెక్కపెంకులు ఒకదానితో నొకటి అతికికొని పోయినవి, ఎగురలేదు. పొలములో బ్రదుకదు. మానవుడు గింజలు నిలువచేసిన చోటనే దీని నివాసము. కావున ఇది ఒక దేశమునుండి మరొక దేశమునకు పోయినదనిన, మానవుడే ఓడలోనో బండిలోనో మోసికొని పోయినాడని అర్థము. చరిత్రకారునకు నాణెము ఎట్టిదో ఈ పురుగు కూడ అట్టిదే.

ఇంగ్లండులోని యార్కు నగరము ఇందుకు మంచి తార్కాణము. రోమను సేనలు క్రీ. శ. 43లో బ్రిటను ద్వీపముపై దండెత్తినవి. 71 ప్రాంతమున యార్కులో కోట కట్టుకొన్నవి. నది యొడ్డున సైన్యమునకై ధాన్యపు గిడ్డంగి యొకటి వెలసెను. ఇరువదవ శతాబ్దిలో ఆ చోటును త్రవ్విన పురాతత్త్వవేత్తలకు నేలపొరలో లెక్కకు మిక్కిలిగా పెంకుపురుగుల అవశేషములు దొరికెను. రోమనులకు ముందు ఆ ద్వీపములో ఈ ధాన్యపు పురుగుల జాడ లేదు. సేనల గోధుమలతో పాటే అవియు సముద్రము దాటి వచ్చినవన్నమాట. గిడ్డంగి యెంతగా పుచ్చిపోయినదో గాని, సైనికులు దానిని విప్పివేసి, ఆ చోటినంతయు దట్టమైన బంకమన్నుతో కప్పి, ఆ పైన మరల కొత్త గిడ్డంగి కట్టుకొనిరి. లోకమును జయించిన సైన్యము ఒక గింజంత పురుగునకు వెరచి తన గిడ్డంగిని తానే పూడ్చిపెట్టవలసి వచ్చినది. ఆ బంకమన్నే రెండువేల యేండ్లు ఆ పురుగులను చెడకుండ కాపాడి, దండయాత్రలోని ఈ చిన్న పరాజయమును మనకు చూపినది.

మన దేశమున కౌటిల్యుడు కోష్ఠాగారాధ్యక్షుని విధులను వివరించుచు, ధాన్యమును ఎత్తైన చోట నిలువచేయవలెననియు, నూనెలకు మట్టి పాత్రలు లేక కొయ్య పాత్రలు, ఉప్పునకు నేల తగినవనియు నిర్ణయించెను. నేల తేమయే పుచ్చునకు మూలమని ఆనాటివారు గ్రహించిరన్నమాట. మన పల్లెలలో గాదెక్రింద రాళ్లు పేర్చి ఎత్తు చేయుట, గోడకు దూరముగా బస్తాలు వేయుట ఆ జ్ఞానమే.

అయితే పురుగులను విడదీసి పేరుపెట్టి గుర్తించుట పదునెనిమిదవ శతాబ్దిలో గాని ఒక శాస్త్రము కాలేదు. స్వీడను దేశపు లిన్నేయసు 1763లో బియ్యపు ముక్కుపురుగునకు వరి పేరుతోనే నామకరణము చేసెను. ఆయన శిష్యుడు ఫబ్రీషియసు 1775లో అలసందల పుచ్చుపురుగును, 1792లో నుసిపురుగును వర్ణించెను. ఆ ఫబ్రీషియసునకు దక్షిణ భారతమునుండి కీటకములను సేకరించి పంపినవాడు లిన్నేయసునకే మరొక శిష్యుడైన కోనిగ్ అను వైద్యుడు. తరంగంబాడిలోను, మద్రాసులోను పనిచేసి, ఆయన 1785లో మన కాకినాడ ప్రక్కనున్న జగన్నాథపురములో కన్నుమూసెను. కోరంగి రేవుకు వచ్చిపోవు ఓడలను చూచుచు జీవించిన ఆ యూరికి, యూరపులోని కీటక సంగ్రహములకు ఇట్టి చుట్టరికమొకటి ఉన్నదని చాలమంది ఎరుగరు.

ఈ నామకరణము పండితుల వేడుక యని కొట్టివేయ వీలులేదు. ముక్కుపురుగు గింజకు రంధ్రము చేసి, గ్రుడ్డు పెట్టి, ఆ రంధ్రమును జిగురుతో మూసివేయును. పిల్ల లోపలనే తిని పెరిగి, పెద్దదై బయటికి వచ్చును. మనకు పురుగు కనబడునప్పటికి గింజ డొల్లయై యుండును. నుసిపురుగు కడ్డీవలె గుండ్రముగా నుండి, తలను మెడక్రింద దాచుకొనును. అది తినునదానికంటె పొడి చేయునది యెక్కువ. ఎర్రని పిండిపురుగు గట్టి గింజను కొరుకలేదు. నూకలును, పిండియు దాని ఆహారము. నిండు గింజలలో అది కనబడినదనిన, ఆ గింజలలో నూక, దుమ్ము ఎక్కువగా నున్నవనియో, మరొక పురుగు ముందే తొలిచినదనియో గ్రహింపవలెను. చెరిగి జల్లించుటయే దానికి సగము మందు. పిండికి పట్టు ఆ చెడువాసన కూడ దాని శరీరము నుండి స్రవించు ద్రవమువలన కలుగునదే. ఇక పప్పుధాన్యముల పుచ్చుపురుగు మార్గము వేరు. అది చాలచోట్ల పొలములోనే కాయపై గ్రుడ్డు పెట్టి, కోతతోపాటు ఇంటికి వచ్చును. గింజపై అతికించిన తెల్లని చుక్కలే దాని గ్రుడ్లు. పెద్దదైన పురుగు గింజను తినదు; గ్రుడ్లు పెట్టి కొద్ది దినములలో చచ్చును.

కొయ్యను తొలుచు పెంకుపురుగును మన పూర్వులు బాగుగ నెరుగుదురు. దానినే సంస్కృతమున ఘుణమందురు. పురుగు తొలిచిన గీతలలో అనుకొనకుండ ఒక అక్షరము వంటిది ఏర్పడుటను బట్టి ఘుణాక్షరన్యాయము పుట్టినది. ఇంగ్లండులో ఓకు దూలములలో నివసించు ఇట్టి పురుగు తన తలతో కొయ్యను కొట్టి టకటక శబ్దము చేయును. రోగి చెంత రాత్రి మేల్కొని కూర్చున్నవారికి నిశ్శబ్దములో ఆ చప్పుడు వినబడుటచేత, అది మృత్యువునకు గడియలు లెక్కించుచున్నదని ప్రజలు భయపడిరి. బల్లి పలుకునకును, గుడ్లగూబ కూతకును మనము చెప్పుకొను అర్థములవంటిదే ఇదియు.

ఆ పురుగు లండనులోని వెస్టుమినిస్టరు హాలు పైకప్పును పట్టినది. అది పదునాలుగవ శతాబ్ది చివర రెండవ రిచర్డు కట్టించిన మహత్తరమైన కొయ్య పనితనము. 1914 ప్రాంతమున ఫ్రాంకు బెయిన్సు అను వాస్తుశిల్పి పరీక్షించి చూడగా, పైకి నిండుగా కనబడు దూలములలో మనిషి పట్టునంత గుహలు పడియుండెను. ఉక్కు కడ్డీలతో ఆ కప్పునకు ఆసరా కట్టుట ఒక పని. లోపలనున్న పురుగును చంపుట రెండవ పని. రెండవ పనికి పిలువబడినవాడు హెరాల్డు మాక్స్వెల్ లెఫ్రాయ్.

ఈ లెఫ్రాయ్ మన దేశమునకు పరిచితుడే. 1905లో బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధనాలయము ఏర్పడినప్పుడు అక్కడ ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞుడుగా నుండి, 1909లో భారతదేశపు కీటకములపై ఒక ఉద్గ్రంథము ప్రచురించెను. ఏ పురుగు ఏ పంటను ఎట్లు పట్టునో తెలిసికొననిదే మందు మాట యెత్తరాదను పద్ధతికి పూసా పునాది వేసినది. తిరిగి లండను చేరి ఆచార్యపదవిలో నుండగా వెస్టుమినిస్టరు పని ఆయనకు వచ్చెను. దూలములకు పట్టించుటకు ఆయన కూర్చిన ద్రవమునకు గిరాకి పెరిగి, 1925లో ఒక వ్యాపారసంస్థయే వెలసినది; నేడు లోకమంతట ఇండ్లలో పురుగులను చంపు రెంటోకిల్ అదియే. ఆ యేడు అక్టోబరు 10వ తేదీన ఆయన తన ప్రయోగశాలలో స్పృహతప్పి పడియుండుటను చూచిరి. ఈగలను చంపుటకు ఒక విషవాయువును పరీక్షించుచు దానినే పీల్చెను. నాలుగు దినములకు మరణించెను. కీటకములను గూర్చి ఆనాడు ఆయనకంటె నెక్కువ తెలిసినవారు కొద్దిమందియే; కిటికీ తెరచి యుంచవలెనని ఆయనకు ఎవరును చెప్పనవసరములేదు. అయినను అట్లు జరిగినది. వాయువుతో చెలగాటమాడు గృహస్థులు ఈ సంగతిని మరువకుందురుగాక.

ఇక అమెరికా కథ. మన దేశమున గోధుమను పట్టు పెంకుపురుగు ఒకటి ఖాప్రా పేరుతో ప్రసిద్ధము. హిందీలో ఖప్రా అనగా ఇంటి కప్పు పెంకు. తెలుగువారు ఈ జాతినంతటిని పెంకుపురుగులనియే పిలుచుట కేవలము కాకతాళీయము కావచ్చును. దీని పిల్లలు ఒడలెల్ల రోమములతో, గోడల బీటలలో, గోనెల కుట్లలో దాగి, ఆహారము లేకున్నను ఏండ్లతరబడి నిద్రించి, గింజ వచ్చిన నాడు మరల లేచును. మందు పొడులు ఆ బీటలలోనికి చొరవు. 1946లో కాలిఫోర్నియా రాష్ట్రపు ఫ్రెస్నోలో ఇట్టి పురుగు దొరికినది. పరీక్షించినవారు తివాచీలను తిను నల్లని పురుగు గాబోలునని భావించి ఊరకుండిరి. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. పోలిక ఉన్నమాట నిజమే. ఏడేండ్లు గడచి 1953లో టూలారే మండలములోని ఒక గిడ్డంగిలో ధాన్యపురాశుల పైపొర యంతయు కదలుచుండుట చూచి, అప్పుడు అసలు పేరు కనుగొనిరి. అప్పటికే అది ఆరిజోనాకు, న్యూమెక్సికోకు, పొరుగున మెక్సికో దేశమునకు ప్రాకియుండెను. గిడ్డంగులకు గిడ్డంగులను గుడారపు గుడ్డలతో పైనుండి క్రింది వరకు కప్పి, మిథైల్ బ్రోమైడు వాయువును నింపి చంపవలసి వచ్చినది. 1966 వరకు ఆ యుద్ధము సాగినది. కోటి డాలర్లకు పైగా వ్యయమైనది. 1946లో భూతద్దముతో మరికొంతసేపు చూచియుండిన యెడల ఎంత ధనము మిగిలెడిదో! ఆ మిథైల్ బ్రోమైడు ఆకాశమున ఓజోను పొరను హరించునని తరువాత తేలి, అంతర్జాతీయ ఒప్పందముచే దాని వాడకము చాలవరకు తొలగింపబడినది. ఓడరేవులలో సరకును శుద్ధిచేయుట వంటి కొద్ది పనులకు మాత్రము మినహాయింపు కలదు.

మందుల చరిత్ర యంతయు ఇట్లే యున్నది. 1939లో ముల్లరు డీడీటీ శక్తిని కనుగొనెను. 1948లో ఆయనకు నోబెల్ బహుమాన మిచ్చిరి. దాని వెంట గమాక్సిను పొడి వచ్చెను. ధాన్యపు బస్తాలపై ఈ పొడులు చల్లుడని పత్రికలును, సలహాదారులును, మా బోటి ప్రసారకులును ఉత్సాహముతో బోధించిన కాలమొకటి యుండెను. మన దేశమున 1989లో వ్యవసాయమునకు డీడీటీని, 1997లో బీహెచ్‌సీని నిషేధించిరి. ఇంటిలో డబ్బాలలో వేసి పగులగొట్టుటకు ఈడీబీ గాజుగుళికలు కూడ వచ్చినవి. గృహిణికి ఎంతో అనుకూలమని వానిని మెచ్చుకొనిరి. అది క్యాన్సరు కలిగించు పదార్థమని తేలి 2001లో నిషేధింపబడెను. ఆనాడు సలహా ఇచ్చినవారు ద్రోహచింతతో ఇచ్చినది కాదు; నాటికి తెలిసినది చెప్పిరి. అయినను విని ఆచరించినవారి ముందు మేము తలవంచుకొనవలసినదే.

నేడు భయపడవలసినది అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలను గూర్చి. గాలిలోని తేమ సోకగనే అవి ఫాస్ఫీన్ వాయువును విడుచును. గిడ్డంగులలో శిక్షణ పొందినవారు, సీలు వేసిన గుడ్డలక్రింద వాడిన యెడల అది పనికివచ్చు మందే. ఆహారనిలువలు చాలవరకు దాని మీదనే ఆధారపడియున్నవి. కాని ఇంటిలో వాడుటకు దానికి అనుమతి లేదు. గోధుమ డబ్బాలో బిళ్ల వేసి, అదే గదిలో తలుపులు మూసికొని నిదురించి, తెల్లవారునప్పటికి బిడ్డలను పోగొట్టుకొన్న కుటుంబములు మన దేశమున కలవు. ఆ వాయువునకు విరుగుడు లేదు. మరియు లెక్కకు మించి వాడుటచే దానిని తట్టుకొను పురుగులు కూడ పుట్టినవని 1970లలోనే ప్రపంచవ్యాప్త పరిశీలన తెలిపినది.

మరి మన పెద్దల పద్ధతులో? అన్నియు గొప్పవని మేము చెప్పము. ఎండువేపాకు పురుగును రానీయకుండ కొంత ఆపును గాని, పట్టిన పురుగును చంపలేదు. కాని ఎండ మాట వేరు. నల్లరేకుపైనో, నేలపైనో పలుచగా పరచిన గింజలు రోహిణికార్తె యెండలో ఏబది డిగ్రీలు దాటిన యెడల గింజ లోపలి పిల్లలు సైతము చచ్చును. తేమ కూడ తగ్గి, ముక్కుపురుగు సంతానము వృద్ధిపొందదు. విత్తనమునకు మాత్రము అంత వేడి తగదు. బూడిద పురుగు ఒంటిపై మైనపు పూతను గీరివేయుటచే అది ఎండిపోయి చచ్చును. పెసలకు ఆముదము రాయుటచే గ్రుడ్డునకు గాలి అందదు. కందులకు ఎర్రమన్ను పట్టించుట కూడ పురుగు గ్రుడ్డు నంటించుటకు చోటు లేకుండ చేయుటకే. కందులను తొందరగా విసిరి పప్పు చేసికొనుట కేవలము వంట సౌకర్యమునకు కాదు. బద్దలో పుచ్చుపురుగు సరిగా పెరుగలేదు.

జొన్నపాతర సంగతి ఇంకను వింతయైనది. భూమిలో గోతిని త్రవ్వి, గడ్డి పరచి, జొన్నలు పోసి, మన్నుతో బిగించి మూసినచో, లోపలి గింజలును, పురుగులును ఉన్న ప్రాణవాయువును పీల్చివేయును. పిమ్మట పురుగులు తమంతట తామే చచ్చును. ఏ మందును అక్కరలేదు. అయితే పాతర తెరచిన వెంటనే లోనికి దిగిన మనుష్యుడు కూడ అట్లే చచ్చును. అందుచేతనే పెద్దలు దానిని కొంతసేపు తెరచి యుంచి, దీపము దింపి చూచి, అది ఆరనిచో దిగెడివారు. గాలి చొరని సంచులలో ధాన్యము నిలువచేయు నేటి పద్ధతి ఈ పాతర తమ్ముడే.

పట్టణములలోని శ్రోతలకు ఎండయు లేదు, పాతరయు లేదు. వారికి శీతలపేటిక కలదు. గడ్డకట్టు అరలో వారము దినములుంచిన పప్పులో పురుగుగాని గ్రుడ్డుగాని బ్రదుకదు. డబ్బా మూలలలోని పాత పిండిని గీకి కడిగి ఎండబెట్టక కొత్త పిండి పోయుట మాత్రము పురుగునకు పిలిచి విస్తరి వేయుటయే.

మొన్న వానకాలములో ఒక శ్రోత మాకు ఉత్తరముతోపాటు చిన్న కాగితపు పొట్లములో పది పెసలు, రెండు చచ్చిన పురుగులు పెట్టి పంపినారు. ఏ పురుగని వ్రాయలేదు గాని, చూచి చెప్పుడని కోరినారు. గింజలపై తెల్లని చుక్కలున్నవి. పొట్లము విప్పి బల్లమీద పరచినాము. ఒక పెసరగింజ పై పొర గుండ్రని కిటికీవలె తెరచుకొని, మూడవ పురుగు మా కాగితములపైకి నడచి వచ్చినది.